నాలుగో హద్దు: నదీతీర పొలాల సంరక్షణలో ఉమ్మడి బాధ్యత

గోదావరి ఒడ్డున ఉన్న పొలానికి దస్తావేజు రాసేటప్పుడు మూడు హద్దుల ఎదుట పొరుగు రైతుల పేర్లు, నాలుగో హద్దు ఎదుట ‘గోదావరి’ అని రాయడం ఆనవాయితీ. మొదటి మూడు హద్దులకు గట్టు, సర్వే రాయి, పొరుగువాని సాక్ష్యం ఆధారాలుగా ఉంటాయి. నాలుగో హద్దుకు ఆ భరోసా లేదు. ఒక వరదకు అది పొలంలోకి కొన్ని గజాలు చొచ్చుకురావచ్చు. మరొక వరదకు ఎదుట ఇసుక మేట వేసి దూరంగా జరగవచ్చు. శిస్తు కట్టిన నేల కళ్లముందే ఏటిలో కలిసిపోయినా దస్తావేజులోని విస్తీర్ణం మాత్రం చెక్కుచెదరదు.

ఈ నాలుగో హద్దు గురించి వ్యవసాయ విస్తరణ వ్యవస్థ చెప్పినది చాలా తక్కువ. విత్తనం, ఎరువు, నీటి యాజమాన్యం, సస్యరక్షణ వంటి అంశాలన్నింటికీ సిఫారసులు ఎకరానికో, హెక్టారుకో ఇవ్వబడుతున్నవి. ఏటి ఒడ్డు పొడవును మీటర్లలో లెక్కించి, దానికి యాజమాన్య పద్ధతిని సూచించే అలవాటు ఇంకా ఏర్పడలేదు. ఫలితంగా ఒడ్డు సంరక్షణ ఇంజనీర్ల పనిగానో, తీరాన ఉన్న ఒక్కొక్క రైతు సొంత తలనొప్పిగానో మిగిలిపోయినది. ఈ రెండు భావనలూ మారవలసి ఉన్నవి. నది సర్వే నంబర్ల ప్రకారం కోయదు. వంపుల ప్రకారం కోస్తుంది. అందువల్ల ఒక వంపు మొదలైన చోటు నుండి ముగిసే చోటు వరకు గల తీరాన్ని, అంటే తీరఖండాన్ని, సంరక్షణకు ప్రమాణంగా స్వీకరించాలి. ఆ ఖండంలోని పొలాలన్నీ దాని ఖర్చునూ ఫలాన్నీ పంచుకోవాలి.

ఒడ్డు ఎలా పోతుంది

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. ఈ పాయల నడుమనూ ఒడ్డుల వెంటనూ ఉన్న లంకలు నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. అరటి, కొబ్బరి, కంద, పసుపు, కూరగాయలు, పూర్వం నుండి పేరున్న లంక పొగాకు ఈ నేలల పంటలు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండవ హెచ్చరికను, 17 లక్షలకు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షల క్యూసెక్కుల స్థాయిని అందుకొన్నది. 2022 జులైలో 25 లక్షలు దాటినది. ఏటిగట్లకు లోపలి వైపున ఉన్న లంక పొలాల మీదుగానే ఈ నీరు సాగిపోతుంది.

వరద ఉచ్చస్థితిలో ఉన్నప్పటి కంటే అది తీస్తున్నప్పుడే ఒడ్డు ఎక్కువగా విరిగిపడుతుందని తీర గ్రామాల రైతులకు తెలుసు. దీనికి కారణం స్పష్టమైనది. నీరు నిండుగా ఉన్నంతసేపు దాని ఒత్తిడే ఒడ్డుకు బయటి నుండి ఆసరాగా నిలుస్తుంది. ఈలోగా మట్టి పూర్తిగా నాని బరువెక్కుతుంది. నీటిమట్టం త్వరగా పడిపోయినప్పుడు బయటి ఆసరా తొలగిపోతుంది, లోపలి తడి మాత్రం మిగిలి ఉంటుంది. అప్పటికే ప్రవాహం ఒడ్డు పాదాన్ని తొలిచి ఉంటే పైభాగం పెళ్లలు పెళ్లలుగా జారిపోతుంది. పైన ఒండ్రు, అడుగున ఇసుక పొర ఉన్న నేలల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అడుగు ఇసుక ముందుగా కొట్టుకుపోయి పైపొర చూరులా వేలాడుతుంది.

వంపు బయటి ఒడ్డున ప్రవాహ వేగం ఎక్కువగా ఉండి కోత పడుతుంది. లోపలి ఒడ్డున వేగం మందగించి మేట పడుతుంది. అయితే ఒక రైతు కోల్పోయిన ఎకరం ఎదుటి ఒడ్డు రైతుకు ఎకరంగా చేరదు. పోయినది పండే ఒండ్రు. ఎదుట పడినది చాలాసార్లు వట్టి ఇసుక. అది సాగుకు పనికివచ్చే నేలగా మారడానికి అనేక వరదల ఒండ్రు, రెల్లు దుబ్బుల వేళ్లు, కొన్ని సంవత్సరాల కాలం అవసరం. ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోతున్న ఈ కాలంలో కోతకు తగిన పూడిక కూడా మునుపటివలె లభించదు.

ఒంటరి ప్రయత్నాల పరిమితి

కోత మొదలైన పొలం రైతు చేతులు కట్టుకొని కూర్చోడు. ఇసుక బస్తాలు వేస్తాడు, సరుగుడు గుంజలు పాతుతాడు, కొబ్బరి మొద్దులు దించుతాడు. ఈ ప్రయత్నం ఇరవై ముప్పై మీటర్ల మేర నిలిచిందనుకొన్నా సమస్య తీరదు. గట్టిపడిన ఆ కొద్దిభాగం ఒడ్డు నుండి ముక్కులా పొడుచుకొని నిలుస్తుంది. దాని రెండు చివరలా సుడులు ఏర్పడతాయి. ప్రవాహం దిగువ పొలంపైకి మళ్లుతుంది. పొరుగువాని నేల కోసుకుపోయిన తరువాత అదే సుడి వెనుక నుండి మొదటి పొలాన్ని తాకుతుంది. ఇద్దరి మధ్య తగాదా మిగులుతుంది.

కోతకు ఊతమిచ్చే సాగు అలవాట్లు కూడా పట్టించుకోదగినవే. దుక్కిని అంచు దాకా తీసుకుపోవడం, అంచున సహజంగా పెరిగే రెల్లును కలుపుగా భావించి కోసి కాల్చివేయడం, మోటారు పైపుల కోసం ఎవరికి వారు ఒడ్డును గండికొట్టడం, పొలంలోని మురుగును ఒకే చోట ఒడ్డు మీదుగా వదలి వాగులా కోత పడనివ్వడం, పశువులను దొరికిన చోటల్లా నీటికి దించడం, ఇటుక బట్టీలకు ఒడ్డు మట్టిని అమ్ముకోవడం, ఒడ్డు పాదానికి దగ్గరగా ఇసుక తవ్వడం మొదలైనవి తీరం పొడవునా కనిపిస్తాయి. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క పొలానికి చిన్న విషయంగానే తోస్తుంది. ఒక వంపులోని యాభై కమతాలలో యాభై పైపు గండ్లు, యాభై పశువుల దారులు ఉన్నప్పుడు ఆ తీరమంతా యాభై చోట్ల బలహీనపడినట్లే.

చట్టం పంచినది నీటినే

తీరరైతు హక్కును గురించి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం స్పష్టమైన సూత్రాన్ని ఇచ్చినది. సహజ ప్రవాహాన్ని ఆనుకొని ఉన్న భూమి యజమాని తాగడానికి, ఇంటి అవసరాలకు, పశువులకు, ఆ భూమి సాగుకు నీటిని వాడుకోవచ్చు. అయితే సాగుకు వాడుకొనేటప్పుడు తనవంటి ఇతర తీర యజమానులకు గణనీయమైన హాని కలిగించరాదు. నదీజలాలను క్రమబద్ధం చేసే ప్రభుత్వ అధికారానికి ఇది లోబడి ఉంటుంది. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం నదీగర్భంలో ప్రవాహానికి అడ్డు కలిగించే పనులను నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వానికి కల్పించినది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో మరొక చట్టం వచ్చినది.

ఈ చట్టాలను కలిపి చూస్తే నీటిని ఎలా పంచుకోవాలో, ఏటికి అడ్డంగా ఏమి చేయకూడదో తెలుస్తుంది. ఒడ్డును ఎవరు, ఎవరి ఖర్చుతో, ఏ పద్ధతిలో కాపాడుకోవాలో మాత్రం తెలియదు. 1997 చట్టంతో ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాలు ఈ ఖాళీని పూరించగలవని అనిపించవచ్చు. కాని వాటి పరిధి కాలువ ఆయకట్టును అనుసరించినది. ఏటిగట్టుకు నది వైపున, మోటార్ల మీద ఆధారపడి సాగే లంక పొలాలు చాలావరకు ఆ పరిధికి వెలుపలే ఉండిపోతాయి. కాలువ గట్టుకు సంఘం ఉన్నది. నది ఒడ్డుకు లేదు.

పదకొండు నెలల సాగుదారు, అయిదేళ్ల చెట్టు

ఒడ్డు సంరక్షణ గురించిన చర్చలలో తరచుగా మరుగున పడే అంశం కౌలు. గోదావరి, కృష్ణా డెల్టాలలో సాగు భారాన్ని మోస్తున్నవారిలో కౌలుదారుల పాత్ర పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలకు చెల్లుతుంది. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఈ ఏర్పాటు ఉద్దేశించబడినది. ప్రభుత్వ లంకలను ఏక్‌సాల్ లీజుకు ఇవ్వడం, వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు అప్పగించడం కూడా చిరకాలంగా ఉన్న పద్ధతులే.

పంటకు సరిపోయే ఈ గడువు ఒడ్డుకు సరిపోదు. వట్టివేరు దుబ్బులు ఒకదానితో ఒకటి కలిసి కంచెలా ఏర్పడడానికి కనీసం రెండు వర్షాకాలాలు కావాలి. మద్ది మొక్క నిలదొక్కుకోవడానికి నాలుగైదేళ్లు కావాలి. వచ్చే ఏడాది ఈ పొలం తనకు ఉంటుందో లేదో తెలియని సాగుదారు అంచున అయిదు వరుసల అరటిని వదులుకొని చెట్లు నాటాలని ఆశించడం న్యాయం కాదు. పట్టణంలో నివసించే యజమానికి ఒడ్డు కోత గురించి తెలిసేది పొలం కొంత పోయిన తరువాతనే. పనిచేసే చేతికి గడువు లేదు. గడువు ఉన్న చేతికి పని తెలియదు. ఈ ఎడాన్ని పూడ్చని ఏ సాంకేతిక సిఫారసూ ఒడ్డు మీద నిలవదు.

చిన్న ఏరుల పాఠం

పెద్ద నదుల కంటే చిన్న ఏరులు, వాగులు, మురుగు కాలువల వెంట ఈ విషయం మరింత ఆచరణయోగ్యమైనది. 2024 సెప్టెంబరు తొలి రోజుల వరదలలో మున్నేరు, ఆకేరు ఉప్పొంగినప్పుడు ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలలో ఎన్నో వరి పొలాలు ఇసుక మేటల కింద మునిగిపోయినవి. అదే సమయంలో బుడమేరు గట్టుకు పడిన గండ్లు విజయవాడ నగర భాగాలను ముంచివేసినవి. అంతటి వరదను ఏ చెట్ల వరుసా ఆపలేదు. కాని ఒడ్డున దట్టమైన గడ్డి, పొద, చెట్టు ఉన్నచోట పొర్లి వచ్చే నీటి వేగం తగ్గి, ముతక ఇసుకలో కొంత భాగం అంచునే పడిపోతుంది. నున్నగా దున్నిన అంచు మీదుగా అది నేరుగా పొలం నడిమికి చేరుతుంది. మేటను తొలగించడానికి అయ్యే యంత్రం అద్దె చెల్లించిన రైతుకు ఈ తేడా విలువ బాగా తెలుస్తుంది.

ఉమ్మడి తీరపట్టీ

తీరఖండమంతటా ఒకే పద్ధతిలో పెంచే తీరపట్టీ ఇందుకు తగిన మార్గం. పెద్ద నది ఒడ్డున 10 మీటర్లు, చిన్న ఏరు ఒడ్డున 4 లేదా 5 మీటర్ల వెడల్పుతో ప్రారంభించవచ్చు. నీటి అంచున తుంగ, జమ్ము, రెల్లు వంటి సహజమైన గడ్డిని తొలగించకుండా ఉంచాలి. వాలు పైభాగంలో అడ్డవరుసలుగా వట్టివేరు నాటాలి. అనుకూలమైన నేలలో దాని వేళ్లు మూడు మీటర్ల లోతు వరకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. ఒడ్డు అంచు నుండి రెండు మూడు మీటర్లు వెనుకగా ఏరుమద్ది, నేరేడు, కానుగ, వెదురు పెంచాలి. నిట్టనిలువు అంచు మీదనే బరువైన చెట్లను పెంచితే అవి గాలికి ఊగి ఒడ్డును తమతోపాటు లాగివేసే ప్రమాదం ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వట్టివేరుకు సుగంధ తైల పరిశ్రమలో గిరాకీ ఉన్నందున దానిని ఆదాయ మార్గంగా చూపి రైతును ఒప్పించాలనే ఉత్సాహం సహజం. తైలం వేరులో ఉంటుంది. వేరు కోసం తవ్వితే ఒడ్డును తవ్వినట్లే. తీరపట్టీలో వట్టివేరు ఆకును మాత్రమే కోయాలి. ఆదాయం వెదురు నుండి, నేరేడు పండ్ల నుండి, పచ్చిరొట్టగా ఉపయోగపడే కానుగ ఆకు నుండి, పశుగ్రాసం నుండి రావాలి. అలాగే వరద నీరు పారే లంక నడిమి భాగాలలో దట్టమైన చెట్ల వరుసలు ప్రవాహానికి అడ్డుపడకుండా నదీ పరిరక్షణ సిబ్బందితో సంప్రదించిన తరువాతనే నాటడం చేపట్టాలి.

పట్టీతో పాటు రేవులను కూడా ఉమ్మడిగా నిర్ణయించుకోవాలి. పశువులు దిగడానికి, మోటార్లు అమర్చడానికి, పడవ ఆపడానికి, మత్స్యకారులు వల లాగడానికి కొన్ని చోట్లను ఎంచి, అక్కడ మాత్రమే వాలును రాతితో గట్టిపరచవచ్చు. తీరాన్ని ఆసాంతం కంచె వేసి మూసివేసే హక్కు ఏ రైతుకూ, ఏ సంఘానికీ ఉండకూడదు. ఏటితో అవసరం ఉన్నది పొలం గలవారికి మాత్రమే కాదు.

ఖర్చు విభజన ఈ ఆలోచనకు కీలకం. ఒడ్డున ఉన్న రైతు పొలం పోయిన మరుసటి సంవత్సరం వెనుక వరుస రైతే ఒడ్డు రైతు అవుతాడు. కనుక ఖర్చులో సగం తీరం పొడవును బట్టి, మిగిలిన సగం ఖండంలోని సాగు విస్తీర్ణాన్ని బట్టి పంచడం న్యాయంగా ఉంటుంది. పట్టీ దిగుబడిలో వాటాలు కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. డబ్బు ఇవ్వలేనివారు పనిదినాలు ఇవ్వవచ్చు. చెరువుల, కాలువల మరమ్మతుకు ఊరంతా కలిసి శ్రమించిన కుడిమరామతు సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కౌలు ఒప్పందంలో తీరపట్టీని పంట భూమి నుండి విడదీసి చూపాలి. పట్టీ మేరకు కౌలు వసూలు చేయకూడదు; నాటడం యజమాని బాధ్యతగా, కాపాడడం కూలి లెక్కకట్టిన సాగుదారు పనిగా రాసుకోవాలి. సాగుదారు మారినా పట్టీ లెక్క సంఘం పుస్తకంలో కొనసాగాలి.

అభ్యంతరాలు

చిన్న కమతం గల రైతు నేలను వదులుకోగలడా అన్నది మొదటి ప్రశ్న. 40 మీటర్ల తీరం గల ఎకరం పొలంలో 10 మీటర్ల పట్టీ 400 చదరపు మీటర్లు, అంటే సుమారు 10 సెంట్లు. 25 మీటర్ల తీరం మాత్రమే గల పొడవాటి ఎకరంలో అది సుమారు 6 సెంట్లు. ఇది తక్కువ భారమని తేలికగా చెప్పరాదు. అరటి పండే లంకలో 10 సెంట్ల విలువ రైతుకు తెలుసు. అందుకే వెనుక వరుస రైతుల వాటా, ప్రభుత్వ ప్రోత్సాహకం తప్పనిసరి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2015లో చేసిన చట్టం ప్రకారం ప్రజా జలాశయాల, నదుల వెంట సగటున 50 అడుగుల బహువార్షిక వృక్ష పట్టీ ఉండాలి. ఆ పట్టీలో గడ్డి కోసుకోవడానికి, పశువులను మేపుకోవడానికి అనుమతి ఉన్నది. అక్కడి కమతాల పరిమాణం వేరు కాబట్టి ఆ వెడల్పును ఇక్కడికి తెచ్చుకోవడం తగదు. నేలను సాగు నుండి తప్పించినా ఉపయోగం నుండి తప్పించనవసరం లేదన్న సూత్రాన్ని మాత్రం తెచ్చుకోవచ్చు.

ఎలుకలు, అడవిపందులు పట్టీలో చేరి పంటకు నష్టం చేస్తాయన్నది రెండో అభ్యంతరం. ఇది నిజమైన భయమే. పొద దట్టంగా పెరగకుండా ఏటా గడ్డిని కోయడం, చెట్ల కింది కొమ్మలను తీసివేయడం, ఊరంతా ఒకేసారి ఎలుకల నివారణ చేపట్టడం అవసరం. ఎవరికి వారు విడివిడిగా చేసే ఎలుకల నివారణ ఫలించదని విస్తరణ సిబ్బంది ఇప్పటికే చెబుతున్నారు; అదే మాట ఒడ్డుకూ వర్తిస్తుంది.

గోదావరి వంటి నదిని గడ్డి ఆపుతుందా అన్నది మూడవది. లోతైన పాయ ఒడ్డు పాదాన్ని తాకుతున్న బయటి వంపులలో ఆపదు. అక్కడ రాతి కట్టుబడి, గ్రోయిన్లు తప్ప మార్గం లేదు. అవి రైతు శక్తికి మించినవి, ప్రభుత్వ బాధ్యత. ఏ తీరఖండం రాతితో, ఏది వేరుతో నిలుస్తుందో ముందుగా గుర్తించకపోతే రెండు విధాలుగా నష్టం జరుగుతుంది: రాయి కావలసిన చోట మొక్కలు నాటి రైతు నమ్మకాన్ని పోగొట్టుకోవడం, మొక్క చాలిన చోట రాయి పేర్చి ప్రజాధనాన్ని వృథా చేయడం.

పరిశోధన, విస్తరణ కర్తవ్యం

కేంద్ర ప్రభుత్వం 2022-23 బడ్జెట్‌లో గంగ వెంట 5 కిలోమీటర్ల వెడల్పు గల పొలాల నుండి మొదలుపెట్టి రసాయనరహిత ప్రకృతి సేద్యాన్ని ప్రోత్సహిస్తామని ప్రకటించినది. నదీతీర వ్యవసాయానికి ప్రత్యేక విధానం అవసరమన్న గుర్తింపు అందులో ఉన్నది. ఏమి చల్లాలన్న ప్రశ్నతో పాటు అంచున ఏమి ఉంచాలన్న ప్రశ్న కూడా చేరితేనే ఆ గుర్తింపు పూర్తవుతుంది. పొలం నుండి కొట్టుకుపోయే మట్టిని, దానిని అంటిపెట్టుకొని పోయే భాస్వరాన్ని ఏటికి చేరకముందే పట్టుకొనే చివరి అవకాశం ఆ అంచే.

విద్యార్థి పరిశోధనలకు ఇక్కడ విశాలమైన క్షేత్రం ఉన్నది. ఒడ్డులోకి అడ్డంగా ఇనుప కడ్డీలు దిగగొట్టి, వరదకు ముందు, తరువాత బయటపడిన పొడవును కొలిస్తే కోత వేగం తెలుస్తుంది. దీనికి స్కేలు, నోటు పుస్తకం చాలు. పాత సర్వే పటాలను, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నిర్వహించే భువన్ పటాలను పోల్చితే దశాబ్దాల కదలిక తెలుస్తుంది. రెల్లు, వట్టివేరు, వెదురు మన ఒండ్రు నేలల్లో ఏ వాలులో, ఎంతకాలం మునక తరువాత బతుకుతాయన్నది క్షేత్ర ప్రయోగాల ద్వారానే తేలాలి. కౌలు ఒప్పందాలలో ఒడ్డు ప్రస్తావన ఎంతమేరకు ఉన్నదన్నది విస్తరణ విద్యలో మంచి పరిశోధనాంశం.

విస్తరణ శాస్త్రవేత్తల మొదటి పని దీనికంటే సులభమైనది. వరదలు తగ్గి, రబీ దుక్కులు మొదలుకాకముందు, కార్తీకమాసంలో, ఒక తీరఖండంలోని ఒడ్డు రైతులను, వెనుక వరుస రైతులను, కౌలుదారులను, మత్స్యకారులను కలిపి ఆ వంపు మొదటి నుండి చివరి వరకు నడిపించాలి. కొత్తగా విరిగిన చోట్లు, పైపు గండ్లు, పశువుల దారులు, మిగిలి ఉన్న రెల్లు దుబ్బులు అందరి ఎదుటా ఒకే కాగితం మీద గుర్తించాలి. ఆ కాగితాన్ని రైతు సేవా కేంద్రంలో ఉంచి మరుసటి కార్తీకంలో మళ్లీ దానితోనే నడవాలి. రెండేళ్ల గుర్తులు పక్కపక్కన కనిపించినప్పుడు, ఎవరి సర్వే నంబరు ఎక్కడ ముగుస్తుందన్న వాదన కంటే, ఆ వంపు ఎటు జరుగుతున్నదన్న విచారణ ముందుకు వస్తుంది. ఖర్చు పంపకం గురించి మాట్లాడవలసిన సమయం అదే.